వెంట్రుకవాసి తేడా ఆటను ఎప్పుడు మారుస్తుంది, ఎప్పుడు మార్చదు?

కావలి ఎడమచేతివాటం (ప్రశ్న)

మా ఇంట్లో కొంతకాలంగా ఒక వాదన తెగకుండా నడుస్తోంది. ఇక్కడ ఆటలు ఆడేవారు, ఆడించేవారు, వీడియో గేముల లోతు తెలిసినవారు ఉన్నారు గనుక దాన్ని మీ ముందు పెడుతున్నాను. నెల్లూరులో ఇంజినీరింగ్ చదువుతున్న మా తమ్ముడు వాలరెంట్ అనే తుపాకుల వీడియో గేము ఆడతాడు. ఇప్పుడున్న 60 హెర్ట్జ్ మానిటర్‌ను మార్చి 144 హెర్ట్జ్ మానిటర్ కొనిపెట్టమని ఇంట్లో పట్టుబడుతున్నాడు. మొదటిది సుమారు 16.7 మిల్లీసెకన్లకు ఒకసారి బొమ్మను మారుస్తుంది, రెండోది సుమారు 6.9 మిల్లీసెకన్లకు ఒకసారి మారుస్తుంది. మనిషి కంటితో చూసి వేలితో స్పందించడానికే దాదాపు 200 మిల్లీసెకన్లు పడుతుంది కదా, అందులో ఈ పది మిల్లీసెకన్లు ఏ మూలకు సరిపోతాయని నేనంటాను. అలాగైతే 1984లో లాస్ ఏంజెలిస్‌లో 400 మీటర్ల హర్డిల్స్‌లో పి.టి. ఉష 55.42 సెకన్లకు వచ్చి, 55.41కి వచ్చిన రుమేనియా అమ్మాయికి కాంస్యాన్ని వదులుకోవలసి రావడం అబద్ధమా అని వాడంటాడు. అటువంటివి అరుదుగా జరుగుతాయి గనుకనే నలభై ఏళ్లయినా చెప్పుకుంటున్నామని నా సమాధానం.

నేను క్రికెట్ ఆడతాను. మా జట్టులోనూ ఇదే జబ్బు ఉంది. బ్యాటు యాభై గ్రాములు తగ్గితే చాలని ఒకరు, బూట్ల కింది స్పైక్స్ మారిస్తే చాలని ఇంకొకరు డబ్బు పోస్తూ ఉంటారు. కాబట్టి మానిటర్ సంగతి ఒక్కటే కాకుండా అసలు విషయమే అడుగుతున్నాను. చిన్న తేడా ఫలితాన్ని మార్చే చోటును, మార్చని చోటును ముందుగానే గుర్తుపట్టే మార్గం ఏదైనా ఉందా? ఒక్క పరుగు తేడాతో ఓడిన మ్యాచ్‌లో ఆఖరి బంతినే కారణంగా చెప్పడం న్యాయమేనా?

టంగుటూరు పీఈటీ

పిల్లలకు పరుగు, కబడ్డీ నేర్పేవాడిగా నాకు తెలిసినంతలో చెబుతాను. వీడియో గేముల సంగతి తెలిసినవారికి వదిలేస్తాను.

ఉషగారి పరుగును దూరంలోకి మార్చి చూస్తే విషయం ఇంకొంచెం స్పష్టమవుతుంది. 400 మీటర్లు 55.42 సెకన్లలో పరుగెత్తారంటే సగటున సెకనుకు 7.2 మీటర్లు, అంటే సెకనులో నూరో వంతుకు ఏడు సెంటీమీటర్లు. పది హర్డిల్స్ దాటి, ట్రాక్ అంతా చుట్టి వచ్చాక ముగింపు గీత దగ్గర ఛాతీని ముందుకు వంచడంలో వచ్చే తేడా అంతే ఉంటుంది. మా పిల్లలలో చాలామంది గీత కనిపించగానే వేగం తగ్గిస్తారు, గీత దాటి అయిదు మీటర్లు వెళ్లేదాకా పరుగు ఆపవద్దని నేను పదే పదే చెప్పేది ఈ ఏడు సెంటీమీటర్ల కోసమే.

అయితే మీరు అడిగింది గుర్తుపట్టే మార్గం గురించి గదా. నేను ముందుగా చూసేది అక్కడ నియమం ఒక గీత గీసిందా లేదా అని. శరీరం చేసే పని కొద్ది కొద్దిగా పెరుగుతూ తరుగుతూ ఉంటుంది, నియమం మాత్రం ఒక చోట కోసినట్టు ఇటువైపు అయితే అవును, అటువైపు అయితే కాదు అంటుంది. 2022లో యూజీన్‌లో జరిగిన ప్రపంచ అథ్లెటిక్స్ పోటీలలో డెవన్ అలెన్ 110 మీటర్ల హర్డిల్స్ ఫైనల్లో తుపాకీ మోగిన 0.099 సెకన్లకు కదిలాడని అతనిని పోటీ నుంచి తప్పించారు. 0.100 కంటే ముందు కదిలితే శబ్దం విని కదలలేదని, ముందే ఊహించి కదిలాడని నియమం భావిస్తుంది. సెకనులో వెయ్యో వంతు అతని వేగాన్ని ఏమీ మార్చలేదు, అతని ఫైనల్‌ను మాత్రం పూర్తిగా తుడిచేసింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో వినేశ్ ఫోగట్ 50 కిలోల విభాగంలో ఫైనల్ చేరి, ఆ ఉదయం తూకంలో 100 గ్రాములు ఎక్కువ తేలినందుకు పతకమే లేకుండా తిరిగి రావలసివచ్చింది. నూరు గ్రాములతో కుస్తీలో బలం పెరగదని అందరికీ తెలుసు. అక్కడ తూగింది బలం కాదు, గీత.

క్రికెట్ ఆడేవారు గనుక మీకు 2017 ఛాంపియన్స్ ట్రోఫీ ఫైనల్ గుర్తుండే ఉంటుంది. 3 పరుగుల వద్ద ఫఖర్ జమాన్ బుమ్రా బంతికి వికెట్ల వెనుక దొరికిపోయాడు, కాని బుమ్రా పాదం క్రీజు దాటడంతో అది నోబాల్ అయింది, అతడు 114 పరుగులు చేశాడు. పాకిస్తాన్ 180 పరుగుల తేడాతో గెలిచింది గనుక ఆ అంగుళమే ఓటమికి కారణమని నేననను, ఆ బంతి వరకు ఆ అంగుళం విలువ ఒక వికెట్ అని మాత్రం అంటాను.

మా పిల్లల కబడ్డీలో ఇటువంటి గీత బోనస్ లైను. అవతలివైపు ఆరుగురు లేదా ఏడుగురు ఉన్నప్పుడు రైడర్ ఒక పాదాన్ని బోనస్ లైను అవతల మోపి, ఆ క్షణంలో రెండో పాదాన్ని గాలిలో ఉంచితే ఒక పాయింటు వస్తుంది. వెనుక కాలి మడమ నేలను వదలకపోతే అదే అడుగుకు ఏమీ రాదు. పొట్టిగా ఉన్న పిల్లవాడు కాళ్లు పొడుగు చేసుకోలేడు, మడమ ఎత్తే అలవాటును మాత్రం వారంలో నేర్చుకోగలడు.

ఇక్కడే ఇంకొక సంగతి చెప్పాలి. కొలిచే సాధనం ఆ తేడా కంటే సన్నగా లేకపోతే ఆ తేడాకు అర్థం ఉండదు. ఊళ్లలో సున్నంతో గీసిన గీత నాలుగు రైడ్లకే చెదిరి వెడల్పవుతుంది, అప్పుడు రెండు వేళ్ల తేడా మీద గొడవపడి ప్రయోజనం లేదు. ఇది మన పల్లె మైదానాలకే పరిమితమైన ఇబ్బంది కూడా కాదు. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ 400 మీటర్ల మెడ్లే ఈతలో గున్నార్ లార్సన్ 4:31.981కి, టిమ్ మెకీ 4:31.983కి గోడ తాకారు. బంగారం మొదటివాడికి ఇచ్చారు. ఆ వేగంలో రెండు వెయ్యో వంతులంటే మూడు మిల్లీమీటర్లు. కొలను కట్టడంలో ఒక లేనుకూ మరొక లేనుకూ పొడవులో అంతకంటే ఎక్కువ తేడా ఉండవచ్చు గనుక ఆ తరువాత ఈతలో నూరో వంతుతోనే ఆగిపోయారు. అందుకే 2016లో రియోలో 100 మీటర్ల బటర్‌ఫ్లైలో ఫెల్ప్స్, లె క్లోస్, చేహ్ ముగ్గురూ 51.14తో వెండి పతకాన్ని పంచుకున్నారు. అథ్లెటిక్స్‌లో ముగింపు గీత అందరికీ ఒకటే కాబట్టి వెయ్యో వంతు వరకు వెళ్లవచ్చు, పారిస్‌లో 100 మీటర్ల పరుగులో నోవా లైల్స్ 9.784తో గెలిచి కిషేన్ థాంప్సన్ 9.789తో రెండవస్థానంలో నిలిచింది అట్లాగే.

మన ప్రకాశం జిల్లా ఎడ్ల బండలాగుడు పందేలలో దూరాన్ని అడుగులతో ఆపకుండా అంగుళాల దాకా కొలిచి రాస్తారు. వేల అడుగులు లాగిన జతల మధ్య అంగుళాలు ఎందుకని చూసేవారికి అనిపిస్తుంది, కాని రెండు మంచి ఒంగోలు జతలు బరిలో ఉన్నప్పుడు ఆ అంగుళాలే బహుమతి వరుసను తేల్చవచ్చు. పందెం చూసేటప్పుడు నా కళ్లు మాత్రం టేపు పట్టుకున్నవారి మీదే ఉంటాయి.

మూలాపేట ఫ్రేములు

పీఈటీ మాస్టారు చెప్పిన గీత వీడియో గేములలో ఇంకా పచ్చిగా కనిపిస్తుంది, ఎందుకంటే అక్కడ లోకమంతా లెక్కలతో కట్టిందే.

మీ తమ్ముడు ఆడే వాలరెంట్‌నే తీసుకుందాం. పూర్తి షీల్డుతో ఉన్న ఆటగాడి ప్రాణం 150. వాండల్ తుపాకీతో తలకు తగిలిన ఒక్క గుండు ఎంత దూరం నుంచైనా 160 తీసేస్తుంది, కాబట్టి ఒక్క దెబ్బతో పని ముగుస్తుంది. ఫాంటమ్ అనే తుపాకీ దగ్గరలో 156 తీస్తుంది, దూరం పెరిగినప్పుడు అది 140కి పడిపోతుంది. 160కీ 156కీ మధ్య ఉన్న నాలుగుకు ఏ విలువా లేదు, 150కి ఇటు అటు పడే తేడాకే ఉంది. దూరం నుంచి ఫాంటమ్‌తో కొడితే అవతలివాడు 10 ప్రాణంతో మిగిలి తిరిగి కాల్చి మిమ్మల్ని పడగొట్టవచ్చు. ఏ తుపాకీ మంచిదని వాదించేవారిలో చాలామంది పెద్ద సంఖ్యను చూస్తారు, 150 వైపు చూడరు.

దీనికంటే చక్కని ఉదాహరణ పాత సూపర్ మారియో బ్రదర్స్‌లో ఉంది. ఆ ఆటను ఎంత త్వరగా ముగించగలమని పోటీపడేవారు ఒక విచిత్రాన్ని కనిపెట్టారు. ఒక ఘట్టం ముగిశాక తరువాతి ఘట్టంలోకి తీసుకువెళ్లే ఏర్పాటు ప్రతి 21 ఫ్రేములకు (తెర మీద మారే ఒక్కో బొమ్మ ఒక ఫ్రేము) ఒకసారి మాత్రమే తెరుచుకుంటుంది. ఆట సెకనుకు సుమారు 60 ఫ్రేములతో నడుస్తుంది గనుక 21 ఫ్రేములంటే 0.35 సెకను. మీరు ఇరవై ఫ్రేములు ఆదా చేసినా ముందరి ద్వారాన్ని అందుకోలేకపోతే ఆ ఆదా అంతా నిలబడి ఎదురుచూడటంలో కరిగిపోతుంది, ఇంకొక్క ఫ్రేము కలిస్తే ఒక్కసారిగా 21 ఫ్రేములూ చేతికి వస్తాయి. చివరి ఘట్టమైన 8-4కు మాత్రం ఈ కట్టడి లేదు, అక్కడ ప్రతి ఫ్రేమూ ముగింపు సమయంలో కనిపిస్తుంది. నిఫ్ట్‌స్కీ అనే పేరుతో ఆడే ఆటగాడు 2021లో 4 నిమిషాల 55 సెకన్లలోపు ఈ ఆటను ముగించడం వెనుక ఉన్నది ఈ అవగాహనే. ఎక్కడ శ్రమపడాలో, ఎక్కడ అనవసరమో తెలిసిన తరువాతే చేతి నేర్పు పనికివచ్చింది.

ఇక మీ 200 మిల్లీసెకన్ల వాదనకు వస్తాను. ఆ వాదనలో ఒక మెలిక ఉంది. పది మిల్లీసెకన్లను మీరు 200తో పోల్చుతున్నారు, కాని ఆ 200 మీకూ ఉంది, మీ ఎదుటివాడికీ ఉంది, రెండు వైపులా ఉన్నది కొట్టివేతకు పోతుంది. మిగిలేది ఇద్దరి మధ్య తేడా. ఒకే సందు మలుపు దగ్గర ఇద్దరూ ఒకరినొకరు ఒకేసారి చూస్తే, మీ ఇద్దరి స్పందనలూ దాదాపు సమానమైతే, అప్పుడు తెర ఎవరికి ముందు చూపించిందనేది లెక్కలోకి వస్తుంది. ఒక సంఘటన తెర మారే రెండు క్షణాల మధ్య ఎక్కడైనా జరగవచ్చు గనుక సగటున సగం విరామం ఆగాలి. 60 హెర్ట్జ్‌లో అది సుమారు 8.3, 144లో సుమారు 3.5. కాబట్టి మానిటర్ ఇచ్చే సగటు లాభం పది కాదు, ఇంచుమించు అయిదు మిల్లీసెకన్లు. దుకాణంవారు ఈ అయిదును చెప్పరు, 144 అనే సంఖ్యనే చెబుతారు.

ఆన్‌లైన్ ఆటలో పింగ్, అంటే సంకేతం సర్వరుకు పోయి తిరిగి రావడానికి పట్టే సమయం, దీనికంటే పెద్దది. గాజు తీగలో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. నెల్లూరు నుంచి ముంబయి సర్వరుకు సూటిగా 900 కిలోమీటర్లకు కొంచెం పైన, కాబట్టి పోయి రావడానికి తొమ్మిది మిల్లీసెకన్లు కనీసం కావాలి. సింగపూర్ అయితే ముప్పయి. ఎంత డబ్బు పోసినా దీనికంటే తగ్గదు. మనకు తెర మీద కనిపించే పింగ్ దీనికి కొన్ని రెట్లు ఉంటుంది, ఎందుకంటే తీగ సూటిగా పోదు, దారిలో ఎన్నో చోట్ల ఆగి మలుపు తిరుగుతుంది. నా అనుభవంలో పింగ్ ఎక్కువగా ఉండటం కంటే అది నిలకడ లేకుండా ఊగడం ఎక్కువ చేటు చేస్తుంది. ఎప్పుడూ 60 ఉంటే చేయి దానికి అలవాటు పడుతుంది. 35 నుంచి 110కి, మళ్లీ 40కి ఎగురుతుంటే దేనికీ అలవాటు పడదు.

ఒంగోలు లెక్కల పంతులు

పై ఇద్దరూ గీత గురించే చెప్పారు. నేను వారితో కొంత విభేదిస్తాను. గీత మీద తెగిన ఫలితాలు కథలుగా మిగులుతాయి గనుక మనకు అవే గుర్తుంటాయి. ఆటలను నిజంగా నడిపించేది మాత్రం పునరుక్తి, అంటే ఒక స్వల్పమైన మొగ్గు వందల సార్లు తిరిగి తిరిగి రావడం.

టెన్నిస్‌లో ప్రతి పాయింటునూ గెలిచే అవకాశం మీకు నూటికి 55, ఎదుటివారికి 45 అనుకోండి. సర్వీసు ఎవరిదన్న తేడాను పక్కన పెట్టండి. ఒక్క పాయింటు చూసినవాడికి ఇద్దరూ సమానులే అనిపిస్తారు. లెక్క కడితే మీరు ఒక గేము గెలిచే అవకాశం 62 శాతానికి, సెట్టు గెలిచే అవకాశం సుమారు 81 శాతానికి, మూడు సెట్ల మ్యాచ్ గెలిచే అవకాశం సుమారు 91 శాతానికి పెరుగుతుంది. పాయింటులో కనిపించని తేడా మ్యాచ్ ముగిసేసరికి ఆధిపత్యమైంది. రోజర్ ఫెదరర్ 2024లో డార్ట్‌మత్ కళాశాల స్నాతకోత్సవంలో ఈ సంగతినే తన జీవితంతో చెప్పాడు. ఆడిన 1,526 సింగిల్స్ మ్యాచ్‌లలో దాదాపు 80 శాతం గెలిచాడు, కాని పాయింట్లలో గెలిచింది 54 శాతం మాత్రమే.

దీని నుంచి ఒక పని చేసే సూత్రం వస్తుంది: తేడా చిన్నదా పెద్దదా అని కాక, అది ఒక ఆటలో ఎన్నిసార్లు పలుకుతుంది అని అడగాలి. బ్యాటు బరువు ప్రతి బంతికీ పలుకుతుంది. కొత్త చేతి తొడుగుల రంగు ఎప్పుడూ పలకదు. ఆట ఎంత పొడుగైతే చిన్న మొగ్గుకు అంత బలం వస్తుంది, ఎంత పొట్టిదైతే అదృష్టానికి అంత చోటు దొరుకుతుంది. సంక్రాంతికి మన ఊళ్లలో జరిపే ఆరు ఓవర్ల టెన్నిస్ బంతి టోర్నమెంట్లలో మేటి జట్టు మొదటి రౌండులోనే ఇంటికి పోవడం, అయిదు రోజుల ఆటలో అది అంత సులభంగా జరగకపోవడం ఇందువల్లనే.

మూలాపేట వారి అయిదు మిల్లీసెకన్లను కూడా లెక్కలో పెట్టి చూద్దాం. ఇద్దరు సమానమైన ఆటగాళ్ల స్పందన తమ తమ సగటు చుట్టూ 30 మిల్లీసెకన్ల ప్రామాణిక విచలనంతో (అంటే సగటు నుంచి అటూ ఇటూ మామూలుగా ఊగే దూరంతో) మారుతూ ఉంటుందనుకుందాం. ఇది నా ఊహ మాత్రమే, కొలిచినది కాదు. అప్పుడు ఒకరికి అయిదు మిల్లీసెకన్ల మొగ్గు ఇస్తే ముఖాముఖిలో అతని గెలుపు అవకాశం 50 నుంచి దాదాపు 55 శాతానికి పెరుగుతుంది. సమానుల మధ్య ఇది తక్కువేమీ కాదు, పైన టెన్నిస్‌లో చూసిన 55 ఇదే. ఎదుటివాడు సగటున 40 మిల్లీసెకన్లు చురుకైనవాడైతే మాత్రం మీ అవకాశం 17 నుంచి 20 శాతానికి పెరుగుతుంది, అంతే. కాబట్టి తమ్ముడు తన స్థాయివారితో ఆడుతున్నాడా, తనకంటే మేటివారి చేతిలో ఓడుతున్నాడా అన్నది తెలియకుండా మానిటర్ గురించి తీర్పు చెప్పలేము.

ఈ కూడికకూ ఒక అడ్డు ఉంది. 2010 వింబుల్డన్‌లో ఇస్నర్, మహూ మూడు రోజులపాటు 11 గంటల 5 నిమిషాలు ఆడారు, చివరి సెట్టు 70-68. మొత్తం పాయింట్లు కూడితే మహూకు 502, ఇస్నర్‌కు 478. గెలిచింది ఇస్నర్. పాయింట్లు గేములుగా, గేములు సెట్లుగా మూట కట్టబడతాయి గనుక ఇప్పటికే గెలిచే గేములో అదనంగా గెలిచిన పాయింటు వృథా అవుతుంది. మారియో ఆటలో ఇరవై ఫ్రేముల ఆదా వృథా అయినది ఈ రీతిగానే. 2017 ప్రపంచ బ్యాడ్మింటన్ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో మన సింధు 19-21, 22-20, 20-22తో ఒకుహారా చేతిలో ఓడింది. గంటా యాభై నిమిషాల ఆటలో ఇద్దరి మొత్తం పాయింట్లు 61, 63. ఆ ఆటను చూసి ఎవరు మేటి అని తేల్చబూనడం లెక్కలు తెలిసినవాడు చేయవలసిన పని కాదు.

కందుకూరు అంపైర్

ఆఖరి బంతి ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు గనుక నేను చెబుతాను. చిన్న మ్యాచ్‌లకు అంపైరింగ్ చేస్తుంటాను, ఒక్క పరుగుతో ఓడిన జట్టు నా చుట్టూ ఎలా గుమికూడుతుందో బాగా ఎరుగుదును.

స్కోరు పుస్తకం దృష్టిలో మూడో ఓవరులో వేసిన వైడూ, ఆఖరి బంతికి తీయలేకపోయిన పరుగూ ఒక్కటే. పుస్తకానికి ముందూ వెనుకా లేదు. కాని ఆడేవారికి ఉంది: మూడో ఓవరులో పోయిన పరుగును పూడ్చుకోవడానికి ఇంకా వంద బంతులు ఉంటాయి, ఆఖరి బంతికి పోయినదాన్ని పూడ్చే చోటు లేదు. కాబట్టి ఆఖరి బంతికి బరువు ఎక్కువ అనడం అబద్ధం కాదు, అదే కారణం అనడం మాత్రం అన్యాయం. ఇంగ్లండ్, న్యూజీలాండ్ ఆడిన 2019 ప్రపంచకప్ ఫైనల్‌ను చూడండి. బౌల్ట్ క్యాచ్ పట్టి సరిహద్దు తాడు మీద కాలు వేశాడు, స్టోక్స్‌కు ఆరు పరుగులు వచ్చాయి. చివరి ఓవరులో గప్టిల్ విసిరిన బంతి స్టోక్స్ బ్యాటుకు తగిలి బౌండరీకి పోతే ఆరు ఇచ్చారు. బంతి విసిరే సమయానికి ఇద్దరు బ్యాటర్లూ రెండో పరుగులో ఒకరినొకరు దాటలేదు గనుక నియమం ప్రకారం అయిదే ఇవ్వవలసింది. మ్యాచ్ 241 వద్ద, సూపర్ ఓవర్ 15 వద్ద సమమయ్యాయి. 26 బౌండరీలు కొట్టిన ఇంగ్లండ్‌ను 17 కొట్టిన న్యూజీలాండ్ కంటే పైన పెట్టారు. ఇందులో ఏది కారణమని చెబుతారు? ఒకటి తీసివేస్తే మిగిలినవి అదే విధంగా జరిగేవని ఎవరు హామీ ఇస్తారు? ఆ అక్టోబరులోనే ఐసీసీ బౌండరీల లెక్కను తీసేసి, ఫైనల్లో తేలేదాకా సూపర్ ఓవర్లు ఆడించాలని మార్చింది. సమంగా ఆడిన ఇద్దరిని విడదీయడానికి ఎంచుకున్న కొలబద్ద ఆటకు సంబంధం లేనిదని వారికీ అనిపించి ఉండాలి.

స్పైక్స్ మీద డబ్బు పోసే మీ జట్టువారికి ఒక ఖర్చు లేని మాట చెప్పండి. రనౌట్ నిర్ణయాలు ఇచ్చేటప్పుడు నేను చూసే చాలా వికెట్లు బ్యాటు గాలిలో ఉండటంవల్ల, లేదా బ్యాటును చివరి క్షణం వరకు చాపకపోవడంవల్ల పడినవే. బ్యాటర్ సెకనుకు ఆరేడు మీటర్ల వేగంతో వస్తాడు. చేయీ బ్యాటూ పూర్తిగా చాచి ముందుగానే నేలకు ఆనిస్తే ఒక మీటరు, అంటే సుమారు 0.15 సెకను కలిసివస్తుంది. సెకనుకు 30 మీటర్ల వేగంతో వచ్చే త్రో ఆ సమయంలో నాలుగున్నర మీటర్లు ప్రయాణిస్తుంది. అదే ప్రపంచకప్ సెమీఫైనల్లో 50 పరుగులు చేసిన ధోనీ గప్టిల్ విసురుకు కొద్ది అంగుళాల తేడాతో రనౌట్ అయ్యాడు, భారత్ 18 పరుగులతో ఓడింది. వికెట్ల మధ్య అంత చురుకైనవాడే అంగుళాల దగ్గర చిక్కితే, బ్యాటు ఎత్తి పరుగెత్తే మనవాళ్లకు యాభై గ్రాముల బరువు గురించి చింత ఎందుకో నాకు అర్థం కాదు.

కావలి ఎడమచేతివాటం

అందరికీ కృతజ్ఞతలు. పంతులు గారి లెక్కను తమ్ముడికి చదివి వినిపించాను. 55 శాతం అన్న భాగాన్ని వాడు రెండుసార్లు చదివించుకున్నాడు, 20 శాతం అన్న భాగం వచ్చేసరికి లేచి వెళ్లాడు. తన ర్యాంకువారితోనే ఎక్కువగా ఆడుతున్నాడని, గెలుపోటములు సగం సగంగా ఉన్నాయని మాత్రం తెలిసింది. మూలాపేట వారు దయచేసి ఒక సంగతి చెప్పాలి. వాడి గదిలో ఇంటర్నెట్ వైఫై మీద వస్తుంది, రూటరు హాలులో ఉంది, మధ్యలో రెండు గోడలు. ఆటలో సెకనుకు సుమారు 90 ఫ్రేములు చూపిస్తోంది. ముందు ఏది మార్చాలి?

మూలాపేట ఫ్రేములు

ముందు తీగ లాగించండి. రెండు గోడల అవతల నుంచి వచ్చే వైఫైలో పింగ్ ఊగిసలాట ఒక్కోసారి పదుల మిల్లీసెకన్లలో ఉంటుంది, మానిటర్ ఇచ్చే అయిదు దానిలో కొట్టుకుపోతుంది. లాన్ కేబుల్‌కూ, గోడకు రంధ్రం వేయించడానికీ అయ్యే ఖర్చు మానిటర్ ధరలో చిన్న భాగమే.

రెండోది ఆ 90. కంప్యూటర్ సెకనుకు 90 బొమ్మలే తయారుచేస్తుంటే 144 హెర్ట్జ్ తెర మిగిలిన సమయంలో పాత బొమ్మనే చూపుతుంది. కొత్త బొమ్మ 6.9కి బదులు 11.1 మిల్లీసెకన్లకు ఒకసారి వస్తుంది, లాభం దాదాపు సగానికి పడిపోతుంది. ఆటలోని గ్రాఫిక్స్ అమరికలన్నీ కిందికి దించి, నీడలు, మెరుగులు తీసేసి, 144 దాటుతుందేమో చూడమనండి. దాటకపోతే మానిటర్ కొనేముందు కంప్యూటర్ గురించి ఆలోచించాలి. దాటితే, సమానులతో ఆడుతున్నాడంటున్నారు గనుక, నేనైతే కొంటాను.

కొన్నాక విండోస్ డిస్‌ప్లే అమరికలలోకి వెళ్లి రిఫ్రెష్ రేటును చేత్తో 144కు మార్చుకోవాలి, చాలాసార్లు అది దానంతటదే 60 మీద నిలబడి ఉంటుంది. అక్కడ 144 కనిపించకపోతే పాత హెచ్‌డీఎంఐ తీగను తీసేసి మానిటర్‌తో వచ్చిన డిస్‌ప్లేపోర్ట్ తీగను వాడమనండి. దాన్ని గ్రాఫిక్స్ కార్డుకు ఉన్న రంధ్రంలోనే పెట్టాలి, మదర్‌బోర్డుకు ఉన్నదానిలో కాదు.